బర్మా విచారణలలో కోరంగి కూలీ

మారిస్ కాలిస్ అను ఐరిష్ జాతీయుడు 1938లో ‘ట్రయల్స్ ఇన్ బర్మా’ యను ఆంగ్ల గ్రంథమును ప్రకటించెను. ఆయన 1912 నుండి బర్మాలో సివిల్ సర్వీసు ఉద్యోగి. 1929, 1930 సంవత్సరములలో రంగూను జిల్లా మేజిస్ట్రేటు. తెలుగువారి సంచికలో ఈ గ్రంథముతో పని యేమని పాఠకులు ప్రశ్నింపవచ్చును. ఆయన న్యాయపీఠమున కూర్చుండిన ఆ దినములలో రంగూను రేవున ఓడల సరకు దించుచుండినవారు మన తెలుగు కూలీలు. అక్కడి దొరల కాగితములలో వారి పేరు ‘కోరంగీలు’. ఆ పేరిచ్చిన కోరంగి యానామునకు కొలది క్రోసుల దూరముననే యున్నది. కనుక ఈ గ్రంథమును మనము పరుల కథగా చదువుట సాధ్యము కాదు.

కోరంగిని గూర్చి రెండు మాటలు. కలకత్తాకును తిరుకోణమలకును నడుమ పెద్ద యోడలను మరమ్మతునకు నిలుపదగిన చోటు ఒకప్పుడు అది యొక్కటే యని గోదావరి జిల్లా వృత్తాంతము వ్రాసిన దొరలు చెప్పియున్నారు. 1789లోను 1839లోను వచ్చిన ఉప్పెనలు దానిని తుడిచిపెట్టినవి. రేవు పూడిపోయినది గాని పేరు మాత్రము కూలీని పట్టుకొని సముద్రము దాటినది. కాకినాడలో స్టీమరెక్కినను, విశాఖపట్టణమున నెక్కినను, రంగూనులో దిగునప్పటికి తెలుగు కూలీ కోరంగివాడే. మారిషసు ద్వీపమునను తెలుగువారికి ఈ పేరే వచ్చినది. నేడు కోరంగి యనగా మడ అడవులను చూడవచ్చు యాత్రికులకు పడవ షికారు. ఆ షికారు చేయువారిలో ఎందరికి ఈ కథ తెలియునో!

గ్రంథము మాటకు వత్తము. అందు ప్రధానములు మూడు విచారణలు. మొదటిది కలకత్తా మేయరు జె. ఎం. సేన్ గుప్తాపై 1930లో నడచిన రాజద్రోహపు వ్యాజ్యము. రంగూనునకు వచ్చి కొన్ని ఉపన్యాసములిచ్చినందుకు ఆయనను పట్టి తెచ్చిరి. ప్రభుత్వము కఠినశిక్షను కోరుచుండగా కాలిస్ బహుకొద్ది దినముల ఖైదుతో సరిపుచ్చెను. తక్కిన రెండింటిలో ఒకటి ఒక ఆంగ్ల వర్తకునికి సంబంధించినది. రెండవది ఒక ఆంగ్ల సైనికాధికారి మోటారు నడుపుటలో చేసిన అజాగ్రత్తవలన ఇద్దరు బర్మా స్త్రీలు గాయపడిన వ్యవహారము. కాలిస్ ఆ అధికారిని దోషిగా నిర్ణయించెను. దొరల క్లబ్బులలో అలజడి పుట్టెను. పై కోర్టు ఆ తీర్పును నిలువనీయలేదు. అనతికాలముననే మేజిస్ట్రేటుగారిని ఆ పదవినుండి తప్పించి అబ్కారీ కమీషనరుగా పంపివేసిరి.

తెల్లవాని ప్రాణమునకొక తూకము, నల్లవాని ప్రాణమునకొక తూకము కలదని తన జాతివారు నమ్ముచున్నారని కాలిస్ కనిపెట్టెను. కనిపెట్టుట పెద్ద పని కాదు; ఆ దినములలో దారిన పోవు ప్రతి కూలీయు దానిని కనిపెట్టియే యుండెను. ఆ నమ్మకమునకు ఎదురుగా సంతకము చేయుట పెద్ద పని. సర్కారు కొలువు చేసినవారికి సంతకము బరువు తెలియును. పై అధికారి ముఖము చూచి కలము కదలించుటకు అలవాటుపడిన లోకమున ఈ మనిషి తన కలమును చట్టము చూచి కదలించెను. పుస్తకమును కూడ డంబము లేక వ్రాసెను. ఈ మెప్పును నేను మనఃపూర్వకముగా నిచ్చుచున్నాను. ఇచ్చిన పిదపనే నా ఆక్షేపణ.

1930 మే నెలలో జరిగినదేమి? ఆ నెల 5వ తేదీన గాంధీగారిని నిర్బంధించిరి. ఆనాడే పెగూలో ఘోరమైన భూకంపము వచ్చెను. ఆ దినములలోనే రంగూను రేవున కోరంగి కూలీలు కొలదియణాల కూలి పెంపు కోరి పని మానిరి. ఓడలలో సరకు నెక్కించి దించు గుత్త కంపెనీలను స్టీవిడోరులందురు. అవి దొరల కంపెనీలు. ఓడ రేవులో ఊరక నిలిచినచో దినదినమును నష్టము. కనుక వారు కూలీలతో మాటలాడుటకు మారు, ఆ పని ఇంతకుముందు దొరకని బర్మా యువకులను సుమారు రెండువేలమందిని పిలిచి పనిలో పెట్టిరి. వారు బీదవారు, పని దొరకినదని సంతోషించిరి. కొన్నాళ్ళకు కంపెనీలు కోరంగివారితో రాజీకి వచ్చి కొంత పెంపు నొప్పుకొనిరి. 26వ తేదీ ఉదయము తెలుగువారు పనిలోనికి వచ్చిరి. బర్మావారును ఎప్పటివలె వచ్చిరి. ఇక మీతో పని లేదని వారికి ఆ రేవుగట్టుననే తెలిసెను.

తరువాత జరిగినది వ్రాయుటకు చేయి రాదు. గట్టున మొదలైన దెబ్బలాట పట్టణమంతయు ప్రాకెను. దినములతరబడి కోరంగివారిని వీధులలో వెదకి చంపిరి. నదిలో పడినవారు కొందరు. వేలకొలది జనము, స్త్రీలు బిడ్డలతో, పాత పిచ్చియాసుపత్రి ఆవరణలో తలదాచుకొనిరి. ప్రభుత్వపు లెక్కలో చచ్చినవారు నూటికి పైగా. ఇతరులు చెప్పిన లెక్క అంతకు చాల నెక్కువ. గాయపడినవారు వందల సంఖ్యలో. సర్కారు 144వ సెక్షను విధించి తుపాకులను వీధిలోనికి పంపెను.

ఈ సంఘటనకు చరిత్రలో స్థిరపడిన పేరు జాతి కలహము. బర్మా జాతివాడు భారత జాతివానిని చంపెననుట అబద్ధము కాదు. కాని పేరు పెట్టుటలోనే తీర్పు దాగియున్నది. జాతి కలహమనగానే దోషము రెండు బీదజాతుల రక్తములోనికి పోవును; మధ్యవర్తిగా, శాంతిరక్షకుడుగా దొర నిలిచిపోవును. కోరంగివానికిని బర్మావానికిని ఆ ఏప్రిలు నెలలో రేవుగట్టున పగ యేమి యుండెను? ఒకని పనిని ఇంకొకనికిచ్చి, మరల లాగి మొదటివానికిచ్చిన చేయి ఒకటి కలదు. రెండువేల మందిని రేపటినుండి రావలదని ముందునాడు చెప్పుటకైనను ఆ చేతికి తీరిక లేకపోయెను.

నా ఆక్షేపణ ఇదియే. కాలిస్ గ్రంథమునకు పేరు ‘విచారణలు’. అందలి మూడు విచారణలలో దేనిలోను స్టీవిడోరు కంపెనీ ముద్దాయి కాదు. అందుకు కారణము ఆయన పిరికితనము కాదు. ఆయన చేతనున్న శిక్షాస్మృతిలో దుడ్డుకఱ్ఱకు సెక్షను కలదు, కత్తికి కలదు, అజాగ్రత్తగా నడపిన మోటారుకు సైతము కలదు. అజాగ్రత్తగా నడపిన కంపెనీకి లేదు. ఇద్దరు స్త్రీలకు గాయములు చేసిన అధికారి బోనెక్కెను. నూరుమందికి పైగా చావునకు దారితీసిన ఆఫీసుగది బోనెక్కలేదు. మేజిస్ట్రేటుగా ఆయనకు ఆ చట్టము హద్దు, ఒప్పుకొందును. గ్రంథకర్తకు ఆ హద్దు లేదు గదా! ఉద్యోగము వీడి, ఎనిమిదేండ్లు గడచిన పిదప, కలము తన వశమున నున్నప్పుడు ఆ నాలుగవ విచారణను కాగితముమీదనైనను ఆయన జరిపియుండవలసినది. జాతిగర్వమును ఎదిరించిన ఈ ధైర్యశాలి మూలధనము దగ్గరకు వచ్చునప్పటికి ఉపద్రవములను వర్ణించు చరిత్రకారుడుగా మారిపోయెను.

ఇంకొక లోపము దీనికంటె ముఖ్యమని తోచును. కోరంగివారు ఈ కథలోనికి చచ్చుటకు మాత్రమే వచ్చుచున్నారు. వారు చచ్చుటకు ముందు సమ్మె చేసినవారు! పరదేశమున, మేస్త్రీకి అప్పుపడి, ఒక గదిలో పలువురుగా పండుకొని, మరునాటి తిండికి ఈనాటి కూలిపై ఆధారపడినవారు ఓడకంపెనీలను, వాని వెనుకనున్న ప్రభుత్వమును ఎదిరించి పని మానిరి. కొంత పెంపు సాధించిరి కూడ. ఆ కొలదియణాలు గెలిచిన విషయము ఎవరికిని జ్ఞాపకము లేదు. సేన్ గుప్తాగారి ఉపన్యాసము ధిక్కారముగా చరిత్రకెక్కినది. వీరి ధిక్కారము కలహమునకు పీఠికగా మాత్రము మిగిలినది.

ఇచట ‘మాలపల్లి’ జ్ఞాపకమునకు వచ్చును. ఉన్నవ లక్ష్మీనారాయణగారు దానిని చెరసాలలో వ్రాసిరి. 1922లో అచ్చుకాగా చెన్నపురి ప్రభుత్వము నిషేధించెను. అందు కూలి విషయమై నిలిచిన సంగదాసు చౌదరయ్య చేతిలో మరణించును. కాని పాఠకుడు సంగదాసును చావులో కలిసికొనడు. ఆతని మాటలో, బుద్ధిలో, ఇంటిలో కలిసికొనును. ఒక గ్రంథము న్యాయపీఠమునుండి క్రిందికి చూచినది, ఇంకొకటి కటకటాల వెనుకనుండి చూచినది. కాలిస్ మనసు మంచిదే, కూర్చున్న చోటు ఎత్తైనది.

దొరలను ఇంతగా అనుచున్నప్పుడు మనవారిని విడిచిపెట్టుట న్యాయము కాదు. రంగూను కూలీల స్థితిని గూర్చి 1933లో ఇ. జె. ఎల్. ఆండ్రూ ప్రకటించిన గ్రంథమును కాలిస్ గ్రంథముతో కలిపి చదువవలెను. అందు మేస్త్రీ పద్ధతి బయటపడును. కంపెనీ కూలీకి జీతమియ్యదు, గుత్తదారునకిచ్చును. ఆతడు పెద్దమేస్త్రీకి, పెద్దమేస్త్రీ చిన్నమేస్త్రీకి, ఆతడు ముఠాకు. ప్రతి మెట్టుననొక కోత. స్టీమరు ఛార్జీకి ఇచ్చిన బయానా, దానిపై వడ్డీ, బసకు, తిండికి, పని యిప్పించినందుకు రుసుము. నేను జీవితకాలము మస్టరు పట్టీలు వ్రాసినవాడను. జీతపు చిట్టాలో పేరు లేనివాడు ఆఫీసు కంటికి లేనివాడే యని ఎరుగుదును. కోరంగివాని పేరు కంపెనీ చిట్టాలో లేదు. మేస్త్రీ పేరున్నది. ఆ మేస్త్రీ యెవరు? తెలుగువాడు. కూలీ యూరివాడో, పొరుగూరివాడో; ‘బాబాయీ’ యని పిలిపించుకొన్నవాడు. ఈ తీరమున రంగము సొమ్ముతో లేచిన మేడలను మనము గొప్పగా చూపుకొందుము. ఆ గోడలలో ఎంత భాగము సొంత చెమట, ఎంత భాగము ఇతరుల కూలిలో కోత యని మనమెన్నడును అడుగలేదు.

బ్రిటిషువారి రేవుననే ఇట్లు జరిగెను, మన ఫ్రెంచి యానాములో సమత్వము వర్ధిల్లెను అని తృప్తిపడుటకును వీలు లేదు. 1828లోనే యానాము నుండి తెలుగు కూలీలను, నేడు రెయూనియను అనబడు బూర్బను ద్వీపమునకు ఒప్పందముపై ఎక్కించిరి. స్వేచ్ఛ, సమత్వము, సౌభ్రాత్రము అను మూడు మాటలను ప్రపంచమునకు చాటిన దేశమే చెరకుతోటల దొరలకు ఆ మాటలనుండి మినహాయింపు నిచ్చెను. 1860లో ఆంగ్లేయులును ఫ్రెంచివారును కూడబలుకుకొని బ్రిటిషు ప్రజలను ఫ్రెంచి తోటలకు పంపుకొను ఒడంబడిక చేసికొనిరి. అచటి దుస్థితిని గూర్చి ఫిర్యాదులు వచ్చి వచ్చి 1882లో రెయూనియనుకు ఆ ఎగుమతి ఆగినది. రాజులు వేరైనను తోటల యజమానికిని స్టీవిడోరుకును లెక్క ఒక్కటే.

రంగూనులో తరువాతి కథ త్వరగా చెప్పవచ్చును. రేవుపనిని బర్మావారికిని భారతీయులకును పంచు ఏర్పాటు చేసిరి. ఆ పంపకము ముందే చేసియుండిన ఆ శవములు లేకుండెడివి. 1937లో బర్మా భారతదేశమునుండి వేరుపడెను. 1938లో మరల అల్లరులు. 1941 డిసెంబరులో జపానువారి బాంబులు పడగా లక్షలకొలది జనము కాలినడకను కొండలు దాటిరి. త్రోవలో రాలిపోయినవారికి లెక్క లేదు. 1962లో సైనిక ప్రభుత్వము వచ్చి, 1964లో అంగళ్ళను జాతీయము చేయగా మిగిలినవారిలో అనేకులు తిరిగివచ్చిరి. విశాఖపట్టణములోని బర్మా క్యాంపు అట్లేర్పడినదే.

కాలిస్ గ్రంథము ఇప్పుడును ఆంగ్లమున దొరకును. దానిని ఎవరైనను తెనిగించినచో మేలు. తెనిగించువారు 1930 మే నెల భాగమునకు తెలుగు వైపు సాక్ష్యమును అనుబంధముగా చేర్చగలిగిన మరియు మేలు. ఆ సాక్ష్యము లండనులో లేదు. రంగమునుండి వచ్చిన కార్డులు, స్టీమరు టిక్కెట్లు, మేస్త్రీల లెక్క పుస్తకములు తాళ్ళరేవు, కోరంగి, యానాము, కాకినాడ ఇండ్ల భోషాణములలో నున్నవి, చెదలు తినగా మిగిలినంత. ముఖ్యముగా మేస్త్రీల పుస్తకములు కావలెను. తాత పేరు చెడునని కొందరు వానిని బయట పెట్టుటకు జంకుదురు. కాని కంపెనీ చిట్టాలో లేని కూలీ పేరు, ఆతని యూరు, ఆతని బాకీ వ్రాసియున్న కాగితము మఱియొకటి లేదు.