ముందు వదులు తీయాలి

పాత జీపు కొన్నవాడు మొదట రంగు కొట్టిస్తాడు. తర్వాత సీట్లు కుట్టిస్తాడు, హారన్ మారుస్తాడు, ఆపైన చూడ్డానికి దిట్టంగా ఉంటుందని వెడల్పాటి టైర్లు వేయిస్తాడు. ముచ్చట అక్కడితో తీరిపోయి తిప్పలు మొదలవుతాయి. సందులో బండి తిప్పాలంటే భుజాలు లాగేస్తుంటాయి. అప్పుడు గుర్తొస్తుంది పవర్ స్టీరింగు. గుడివాడ, బందరు, అవనిగడ్డ షెడ్లలో ఇదే వరస చూస్తున్నాను. స్టీరింగు బరువెక్కడానికి కారణం చాలాసార్లు స్టీరింగు కాదు. దాని చుట్టూ మనం చేయించిన పనులే.

మా బాబాయి బండి సంగతి అదే. సీజే3బీ జీపుకి వెనక సీట్లు పీకించి, తొట్టి పొడిగించి పికప్ చేశారు. చేపల చెరువుల మీదికి తవుడు బస్తాలు మోసిన బండి. విల్లీస్ జీపుల్ని మహీంద్రా వాళ్లు స్వాతంత్ర్యం వచ్చిన రోజుల నుంచే ఇక్కడ బిగించారు. ఎత్తు బానెట్టున్న ఈ సీజే3బీ ఆ కుటుంబంలోదే. దానికి కంపెనీ ఇచ్చిన టైరు 6.00-16, సన్నటిది. మెత్తటి నేలలో దిగబడ్డా కోసుకుంటూ పోతుంది, తిప్పడానికి తేలిక. పెట్రోలు ధర చూసి మా బాబాయి ఏనాడో డీజిల్ ఇంజను ఎక్కించారు. ముక్కు మీద బరువు పెరిగింది. దాని మీద వెడల్పు టైర్లు. ఇక స్టీరింగు మొరాయించక ఏం చేస్తుంది?

గుడివాడలో మేస్త్రి దగ్గరికి తీసుకెళ్లి, బొలేరో పవర్ స్టీరింగు బాక్సు బిగించమన్నారు. మేస్త్రి బాక్సు మాట ఎత్తలేదు. జాకీ వేసి ముందు చక్రాలు గాల్లోకి లేపాడు.

"ముందు వదులు తీద్దాం బాబాయ్‌గారూ. నూనె పోసే పని తర్వాత చూద్దాం."

చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపాడు. టక్కుమంది. కుర్రాణ్ని బ్రేకు తొక్కమని మళ్లీ ఊపాడు. బ్రేకు తొక్కినప్పుడు ఆ వదులు పోతే తప్పు చక్రం బేరింగుది, పోకుండా ఉంటే కింగ్ పిన్నుది. పోలేదు. తర్వాత చక్రాన్ని అటూ ఇటూ పట్టి ఊపాడు, అది టై రాడ్ ఎండ్ల పరీక్ష. చివరికి బండి నేలకి దించి, కుర్రాణ్ని స్టీరింగు కొద్దికొద్దిగా కదిలిస్తూ ఉండమని, తను కిందికి దూరాడు. ఒక్కో కీలు మీదా అరచెయ్యి ఆనించి పెట్టాడు. కన్ను పట్టుకోలేని వదులు చేతికి తెలుస్తుందట. నన్నూ పెట్టి చూడమన్నాడు. నిజమే. ముందు అడ్డపట్టీ మీదున్న బెల్ క్రాంకు దగ్గర నా వేళ్ల కింద పిన్ను కొట్టుకోవడం స్పష్టంగా తెలిసింది.

ఈ జీపులో గుట్టంతా ఆ బెల్ క్రాంకుదే. స్టీరింగు బాక్సు నుంచి డ్రాగ్ లింకు ముందుకొచ్చి దాన్ని తోస్తుంది. అక్కడి నుంచి రెండు టై రాడ్లు రెండు చక్రాలకీ వెళతాయి. మధ్యలో పిన్ను కాస్త అరిగిందంటే ఆ వదుల్ని రెండు చక్రాలకీ పంచుతుంది. చేతిలో స్టీరింగు బెత్తెడు తిరిగినా చక్రం కదలదు. ఈ పరిస్థితిలో పవర్ బాక్సు పెడితే జరిగేదేమిటి? నూనె పంపు బలమంతా బాక్సు దాకానే. బాక్సు దాటాక ఉన్న వదులు ఎక్కడికీ పోదు. పైగా తేలికైపోయిన స్టీరింగు ఆ వదుల్ని చేతికి తెలియనివ్వదు. పామర్రు దాటి బందరు హైవే మీద అరవైలో పోతున్నప్పుడు తెలుస్తుంది, పక్కన లారీ ఉండగా.

కింగ్ పిన్ను బేరింగులు మార్చి, పల్చటి షిమ్ములు ఒక్కొక్కటే తీసి బిగువు సరిచేశాడు. బెల్ క్రాంకు పిన్ను, బుష్షు లేత్ మీద చేయించాడు. టై రాడ్ ఎండ్లు కొత్తవి. కమాన్ కట్టలు విప్పి, ఆకుల మధ్య తుప్పు గీకించి, వంపు పోయినవి కొట్టించి, గ్రీజు పెట్టి కట్టాడు. సగం జబ్బు ఇక్కడే పోయింది.

చాసిస్ దగ్గరికి వచ్చేసరికి మేస్త్రి ముఖం మారింది. బండి కొన్నేళ్లు బందరులో ఉంది. ఉప్పుగాలి బయటి రంగుని తినడం అందరికీ కనిపిస్తుంది. జీపు చాసిస్ ముందు భాగం మూసిన పెట్టెలా ఉంటుంది కాబట్టి, డెల్టా బురద అందులో చేరి, తడి ఆరక, లోపలి నుంచి తింటుంది. అది కనిపించదు. కుండ కొనేటప్పుడు వాయించినట్టు చిన్న సుత్తితో చాసిస్ రైలు పొడుగునా కొట్టుకుంటూ పోయాడు. ఒక చోట ఖంగుమన్న శబ్దం మొద్దుగా మారింది. సరిగ్గా బాక్సు కూర్చోవాల్సిన చోటు! బరువైన టైరుని నిలబడ్డ చోటే తిప్పితే ఆ బలమంతా పడేది బాక్సు బోల్టుల మీద. పాత జీపుల చాసిస్‌లు అక్కడ చిట్లడం మామూలే. కుళ్లిన ముక్క కోసి, మందపాటి ప్లేటు వేసి, బోల్టు వెళ్లే ప్రతి చోటా రైలు లోపల గొట్టం ముక్క పెట్టి వెల్డింగు చేశాడు. గొట్టం లేకుండా బిగిస్తే రైలు నొక్కుకుపోతుంది, నాలుగు రోజుల్లో బోల్టు వదులు.

బాక్సు బిగించడం వీటి ముందు చిన్న పనే, ఒక్క విషయంలో తప్ప. కొత్త బాక్సుతో బెల్ క్రాంకు తీసేసి, రెండు చక్రాల మధ్య ఒకే టై రాడ్డు వేస్తారు. బాక్సు చెయ్యి నుంచి డ్రాగ్ లింకు అడ్డంగా వెళుతుంది. లేత్ మీద చేయించిన పిన్ను అలా పక్కకి పోయింది, అది వేరే సంగతి. డ్రాగ్ లింకు, ఇరుసు వీలైనంత సమాంతరంగా ఉండాలి. ఏటవాలుగా పడితే, గుంటలో చక్రం లేచి దిగిన ప్రతిసారీ ఎవరూ తిప్పకుండానే స్టీరింగు తిరుగుతుంది. నల్లరేగడి వేసవిలో బీటలు తీసి, వానకి ఉబ్బి, తారు రోడ్డుని అలలు చేసే సీమ ఇది. పులిగడ్డ దాటి నాగాయలంక వైపు, కరకట్ట మీద ఎదురుగా ట్రాక్టరు వస్తుంటే స్టీరింగు తనంతట తాను కాలువ వైపు లాగిందనుకోండి. మేస్త్రి జాకీతో ఇరుసుని పైకీ కిందికీ ఆడిస్తూ, చక్రం పక్కకి కదలడం లేదని తేలేదాకా లింకు కోణం మార్చుతూనే ఉన్నాడు. ఇరుసు చివరల చేతుల జోలికి మాత్రం వెళ్లలేదు. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ తిరగాలన్న లెక్క వాటిలోనే ఉంది. మ్యూనిక్ బండ్ల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్ 1817లో కనిపెడితే, మరుసటేడు లండన్‌లో అకర్మన్ పేరు మీద పేటెంటు అయిన లెక్క అది.

ఇంకో దారీ ఉంది. అమెరికాలో పాత షెవర్లే, ఫోర్డ్ పికప్‌లకి ముందు భాగం మొత్తం కోసేసి, 1974 నుంచి 78 దాకా వచ్చిన ఫోర్డ్ మస్టాంగ్-2 తరహా కాయిల్ స్ప్రింగులు, ర్యాక్ స్టీరింగు పెట్టుకుంటారు. దానికి రెడీమేడ్ కిట్లే దొరుకుతాయి. నున్నటి రోడ్డుకి బాగానే ఉంటుంది. మన జీపుకి ముందు ఇరుసులో కూడా డ్రైవ్ ఉంది. దాన్ని పీకి కాయిల్ పెట్టడమంటే, బురదలోంచి బయటికి లాగే శక్తిని అమ్ముకోవడమే. నాకు నచ్చదు.

షెవర్లే అంటే ఈ ప్రాంతం వాళ్లకి ఇంకో బండి గుర్తొస్తుంది. 1982లో నిమ్మకూరు బిడ్డ ఎన్టీ రామారావు ఊరూరా తిరిగిన చైతన్యరథం మార్పులు చేయించిన పాత షెవర్లే వ్యానే. నడిపింది ఆయన కొడుకు హరికృష్ణ. పైన నిలబడ్డ మనిషినీ, మైకునీ అందరూ చెప్తారు. టాపు మీద మనుషులు నిలబడే బండికి బరువు ఎంత పైకి పోతుందో, మలుపులో అదంతా ఏ కమాన్ల మీద వాలుతుందో ఎవరూ మాట్లాడరు. నాకెప్పుడూ డ్రైవరు చేతుల మీదికే మనసు పోతుంది.

చట్టం మాట కూడా చెప్పాలి. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, తయారీదారు ఇచ్చిన వివరాలకి ఆర్సీలోని వివరాలు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగానే చెప్పింది. కోసి అతికే పని ఏదైనా ముందు రవాణా శాఖని అడిగి చేయించుకోవడం మంచిది. యాభై ఏళ్లు దాటిన బండికి 'వీఏ' అక్షరాలతో వింటేజ్ నంబరు ఇచ్చే నిబంధన 2021లో వచ్చింది. చాసిస్, బాడీ, ఇంజను మార్చకుండా ఉంటేనే అది. మా బాబాయి ఆ ప్లేటు మీద ఆశ పడ్డారు గానీ, డీజిల్ ఇంజను ఎక్కించిన రోజే ఆ ముచ్చట చెల్లిపోయింది.

నన్నడిగితే, వదులు తీశాక సన్న టైర్లకి తిరిగొచ్చి ఆగిపోవాల్సింది. అదే చెప్పాను. "నీకేం, నీ భుజం నొప్పెట్టడం లేదుగా" అన్నారు బాబాయి. దానికి నా దగ్గర జవాబు లేదు. టైర్లు మాత్రం మార్పించారు. ఇప్పుడు ఒక్క చేత్తో తిప్పుతున్నారు. కొన్ని వందల కిలోమీటర్లు తిరిగాక కమాన్ల యు బోల్టులు మళ్లీ బిగించాలి, రమ్మని మేస్త్రి మరీమరీ చెప్పి పంపాడు. బాబాయి ఇంకా వెళ్లలేదు. ఈ ఆదివారం నేనే తీసుకెళ్తున్నాను.