నోరు విప్పని రాజు, గోడ లోపలి ఊరు

సూపర్‌హీరో పుస్తకం తెరిచిన పాఠకుడు మొదట వెతికేది దెబ్బలాట. 'ఇన్‌హ్యూమన్స్' అతన్ని చాలాసేపు ఓపిక పట్టమంటుంది. పాల్ జెంకిన్స్ కథ రాసి, జే లీ బొమ్మలు వేసిన ఈ గ్రాఫిక్ నవలను మార్వెల్ సంస్థ 1998, 1999 సంవత్సరాల్లో 12 సంచికలుగా వెలువరించింది. కొత్త బొమ్మల కథల ధారావాహికలకిచ్చే ఐస్నర్ బహుమతి 1999లో దీనికే దక్కింది. తర్వాత ఒకే పుస్తకంగానూ వచ్చింది. బెంగళూరు శివారు సర్జాపురలో మా అపార్ట్‌మెంటు తెలుగు ఇళ్లలో ఆ పుస్తకం చేతులు మారుతూ తిరిగింది. కొందరికి తెగ నచ్చింది, కొందరు సగంలో మూసేశారు. మూసేసినవాళ్లు లోపాలని చెప్పినవే నాకు ఈ పుస్తకంలో గొప్పగా తోచాయి. అందుకే ఈ రకం కథల పనితనం గురించి కాస్త వివరంగా రాయాలనిపించింది.

ముందు కథ. అటిలాన్ అనే ఊరు లోకం కంటపడకుండా బతుకుతుంటుంది. క్రీ అనే గ్రహాంతర జాతి ఒకప్పుడు ఆదిమానవుల మీద చేసిన ప్రయోగాల వల్ల పుట్టిన జనం వాళ్లు. ఈడొచ్చిన పిల్లలు టెరిజెన్ అనే పొగమంచులోకి నడిచి వెళ్లాలి. బయటికొచ్చేసరికి ఒకరికి రెక్కలు మొలవచ్చు, ఒకరి ఒంట్లో మెరుపు పుట్టొచ్చు. ఏం వస్తుందో ముందుగా ఎవరికీ తెలియదు. రాజు బ్లాక్‌బోల్ట్ గుసగుసలాడినా కొండలు కూలిపోతాయి, కాబట్టి అతనికి జన్మంతా మౌనమే. రాణి మెడూసా జుట్టు చేతుల్లా పనిచేస్తుంది. రాజు సైగలు చదివి సభకు చెప్పేదీ ఆమే. రాజు తమ్ముడు మాక్సిమస్‌కు తెలివికి తెలివి, పిచ్చికి పిచ్చి. కిరాయి సైన్యం వచ్చి ఊరిని ముట్టడిస్తుంది. రాజు కదలడు. లోపల జనం ఉడికిపోతుంటారు.

ఈ జనాన్ని సృష్టించింది స్టాన్ లీ, జాక్ కిర్బీ. 1965లో 'ఫెంటాస్టిక్ ఫోర్' 45వ సంచికలో రాజకుటుంబం మనముందుకొచ్చింది. ఆ తర్వాత అటిలాన్‌ను హిమాలయాల్లో చూపించారు, 1982లో చంద్రుడి మీదికి తరలించారు, జెంకిన్స్ చేతికొచ్చేసరికి అట్లాంటిక్ సముద్రంలో ఉంది.

"హీరో నోరే విప్పడు, ఇదేం హీరో ఆంటీ?" అని మా పక్క బ్లాకు కుర్రాడు గట్టిగానే అడిగాడు. బొమ్మల కథలో మాట బుడగలో ఉంటుంది. మన కన్ను ఒక బుడగ నుంచి ఇంకో బుడగకు జారుతూ పేజీ దిగుతుంది. బుడగ లేని మనిషి దగ్గరికి రాగానే ఆ జారుడు ఆగిపోతుంది. అప్పుడే అతని కనుబొమలు చూస్తాం, భుజం వాలిందా లేదా చూస్తాం, పక్కనున్న మెడూసా ముఖం చూస్తాం. రాజు ఏమనుకుంటున్నాడో సభలోని ప్రతివాడూ తనకు తోచినట్టు ఊహించుకుంటాడు, వాళ్లతోపాటు మనమూ. పాలకుడి మౌనం ప్రజల్లో ఎన్ని అనుమానాలు పెంచుతుందో ఇంత బాగా చూపించిన సూపర్‌హీరో కథ నేను ఇంకోటి చదవలేదు. బొమ్మలు మరీ చీకటిగా ఉన్నాయన్న ఫిర్యాదుకూ జవాబు ఇందులోనే ఉంది. జే లీ ముఖాన్ని సగం నలుపుతో నింపేస్తాడు. కనిపించే సగంలో ఒక్క గీత వంగినా అది మాటతో సమానమవుతుంది. వెలుగంతా పరిచి ఉంటే ఆ గీత మీద మన కన్ను నిలిచేది కాదు.

2017లో ఇదే జనంతో టెలివిజన్ ధారావాహిక తీశారు. మొదటి 2 భాగాలను ఐమాక్స్ తెరల మీద కూడా వేశారు. మెడూసా జుట్టును మొదట్లోనే గొరిగేశారు. 8 భాగాలతో అది ముగిసిపోయింది. కాగితం మీద ఆ జుట్టు పేజీ అంతా పరుచుకుని, గడుల అంచులు దాటి అల్లుకుంటుంది. ఆ స్వేచ్ఛ బొమ్మల కథకే ఉంది.

నెమ్మది కథనం గురించి మా పెద్దవాళ్లు ఎవరూ విసుక్కోలేదు. వాళ్లు 'చందమామ' చదివి పెరిగినవాళ్లు. 1947 జులైలో మొదలైన ఆ పత్రికలో 1954లో 'తోకచుక్క'తో దాసరి సుబ్రహ్మణ్యం గారి ధారావాహికలు మొదలయ్యాయి. 'రాకాసిలోయ', 'పాతాళదుర్గం', 'శిథిలాలయం' పేర్లు చూస్తేనే తెలుస్తుంది, కథ ఎక్కడో దాగిన చోటుకు దారి తీస్తుందని. పక్కన చిత్రా గారి బొమ్మలు. ప్రమాదం అంచున ఆ నెల కథ ఆగేది, మళ్లీ నెల దాకా పిల్లలు కథను తమలో తాము అల్లుకునేవారు. అయితే ఒక పెద్ద తేడా ఉంది. 'శిథిలాలయం'లో శిఖిముఖి, విక్రమకేసరి వెతుక్కుంటూ వెళ్తారు, మనం వాళ్ల వెంట బయటి నుంచి లోపలికి నడుస్తాం. జెంకిన్స్ మనల్ని మొదటి పేజీ నుంచే గోడ లోపల ఉంచుతాడు. దాగిన చోటు అనగానే పుట్టే వింత కాసేపట్లో అరిగిపోతుంది. ఆపైన ఆ ఊరి చట్టాలు, ఆ ఊరి అన్యాయాలు కంటపడడం మొదలవుతుంది.

ఆ అన్యాయాల్లో పెద్దదాని పేరు ఆల్ఫా ప్రిమిటివ్స్. అటిలాన్ తన చాకిరీ కోసం పుట్టించుకున్న జాతి అది. ఊరి కింద యంత్రాలు నడిపేది వాళ్లే. వోజ్ అనే కుర్రాడు అందరిలాగే ఆశగా పొగమంచులోకి నడిచి, వాళ్లలో ఒకడిగా బయటికి వస్తాడు. అప్పటిదాకా ఆడుతూ పాడుతూ కలిసి పెరిగిన నేస్తాల మధ్య నుంచి అతన్ని కింది చీకట్లోకి పంపేస్తారు. పుస్తకం మొత్తంలో నన్ను ఎక్కువ కుదిపింది ఈ ఘట్టమే.

ఎనిమిదో తరగతి చదివే ఒక పాప అడిగింది, "రాజు మంచివాడే కదా ఆంటీ, మరి కింద పనిచేసేవాళ్లని ఎందుకు వదిలిపెట్టడు?" నేను విన్న అభిప్రాయాల్లో దీన్ని మించినది లేదు. మేం బతికేదీ గోడ లోపలే. పొద్దున్నే గేటు దగ్గర పనివాళ్లు ఫోన్‌లో మా అనుమతి వచ్చేదాకా నిలబడతారు, వాళ్ల సంచులు తనిఖీ చేస్తారు, వాళ్లకు లిఫ్ట్ వేరు. వాళ్లలో మా చుట్టూ ఉన్న ఆనేకల్ తాలూకా పల్లెల్లో తరతరాలుగా ఉంటూ, ఇంట్లో మనలాగే తెలుగు మాట్లాడేవాళ్లున్నారు. ఆ పాప ప్రశ్న ఎవరికి తగలాలో వాళ్లకే తగిలింది. ఆ సాయంత్రం లిఫ్ట్ సంగతి మా మధ్య చర్చకు వచ్చింది, ఇంకా తేలలేదు.

పుస్తకంలో బలహీనతలు లేకపోలేదు. బయటి సైనికులకు లోపలి జనానికున్నంత మనసు ఇవ్వలేదు రచయిత, వాళ్లు చాలావరకు తుపాకులు పట్టిన నీడలే. మధ్య సంచికల్లో ఒకటి రెండు పక్కకథలు తెగిపోయినట్టుంటాయి. అయినా దాగిన సమాజాన్ని మహిమల ప్రదర్శనశాలగా వాడుకోకుండా, అక్కడా చట్టాలు, పై వర్గం, కింది వర్గం ఉంటాయని నమ్మి రాసిన కథ ఇది. ముగింపులో రాజు ఏం చేస్తాడో చెప్పను.

తెలుగులో బొమ్మల కథలు గీసేవాళ్లు, అచ్చువేసేవాళ్లు దీన్ని ఒకసారి చదవాలని కోరుతున్నాను. పన్నెండేళ్లు దాటిన పిల్లలున్న ఇళ్లకు నా మాట ఇంకొకటి: పుస్తకం ఇవ్వండి, కానీ ఒక్క బిగిన చదవనివ్వకండి. రోజుకో సంచిక చాలు. మధ్యలో ఆ రాజు ఏమాలోచిస్తున్నాడని మీరు అనుకుంటున్నారో వాళ్లతో మాట్లాడండి.