బాలల రహస్యకథలో దెయ్యాల కొంప: విశాఖ నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం:
దెయ్యాల కొంప ఇతివృత్తంగా బాలల కోసం వెలువడే రహస్యకథలను 'దెయ్యం ఉందా, లేదా?' అన్న ఒక్క ప్రశ్నతో అంచనా వేయడం సరిపోదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. 'ఆ ఇల్లు ఎందుకు ఖాళీ అయింది?' అన్నది అంతకంటే మౌలికమైన ప్రశ్న. బేతాళ కథా సంప్రదాయాన్ని, ఒక ఆంగ్ల బాలల నవలను ఈ దృష్టితో పరిశీలించి, విశాఖపట్నం చరిత్ర ఈ కథారూపానికి ఇవ్వగల వస్తువును చర్చించడం వ్యాస లక్ష్యం.

కీలక పదాలు: బాలసాహిత్యం, రహస్యకథ, భయానక రసం, బేతాళ కథలు, విశాఖపట్నం, నిర్వాసితులు, చిల్లంగి.

1. ఉపోద్ఘాతం
పాడుబడ్డ మేడ, అర్ధరాత్రి కిటికీలో కదిలే దీపం, మనిషి లేని గదిలో అడుగుల చప్పుడు, ధైర్యం చేసి లోపలికి వెళ్లే నలుగురు పిల్లలు, చివరకు దెయ్యం ముసుగులో పట్టుబడే దొంగల ముఠా. బాల పాఠకులకు ఈ కథాచట్రం సుపరిచితం. రేవుపట్నమైన విశాఖను కథాస్థలంగా ఎంచుకుంటే మేడ సముద్రతీరానికి, ముఠా దొంగ సరుకు రవాణాకు మారడం తేలిక. ఇటువంటి ముగింపు మూఢనమ్మకాన్ని తొలగిస్తుందన్న కారణంతో విమర్శకులు దానిని ఆమోదిస్తారు. ఆ ఆమోదం సమంజసమే గాని అసంపూర్ణం. దొంగలు పట్టుబడ్డారు సరే, వాళ్లు చేరడానికి ముందు ఆ ఇంట్లో ఎవరుండేవారు? ఏమయ్యారు? కథ ఆ మాట ఎత్తదు.

భయానక రసానికి విభావాలను పేర్కొంటూ భరతుడు నాట్యశాస్త్రంలో అరణ్యంతో పాటు శూన్యాగారాన్ని కూడా చేర్చాడు. అంటే దెయ్యం కనిపించకపోయినా ఖాళీ ఇల్లు తనంతట తానుగా భయహేతువు. మనుషులు ఉండవలసిన చోట మనుషులు లేకపోవడమే ఆ భయానికి మూలం. ఈ సూచన ప్రస్తుత చర్చకు ఆధారం.

2. చెట్టు మీది దెయ్యం
తెలుగువారి వాడుకలో దెయ్యానికి చింతచెట్టు, మర్రిచెట్టు, శ్మశానం, చెరువుగట్టు సహజ నివాసాలు. ఊరు మనుషులది, ఊరి వెలుపల దెయ్యాలది అన్న హద్దు ఈ ఊహలో ఉంది. 11వ శతాబ్దికి చెందిన సోమదేవుని 'కథాసరిత్సాగరం'లో చోటుచేసుకున్న బేతాళ పంచవింశతి కూడా శ్మశానంలోని చెట్టు దగ్గరే మొదలవుతుంది. 1947 జూలైలో ఆరంభమైన 'చందమామ' ఈ చట్రాన్ని స్వీకరించి, ప్రాచీనమైన ఇరవై అయిదు కథలతో ఆగక కొత్త కథలను అందులో చేర్చుతూ పోయింది. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుడిని శంకర్ గీసిన చిత్రం తరాల పాఠకుల మనసుల్లో నిలిచిపోయింది.

ఇక్కడ గమనించవలసింది బేతాళుడి పాత్ర స్వభావం. అతడు భయపెట్టి ఊరుకోడు. కథ చెబుతాడు, ప్రశ్న అడుగుతాడు. తప్పు ఎవరిది, త్యాగం ఎవరిది, హక్కు ఎవరిది అన్నవి తరచు ఆ ప్రశ్నల సారం. విక్రమార్కుడి జవాబు చదివే ముందు బాల పాఠకుడు తన జవాబు తాను వెతుక్కుంటాడు. భయం ఈ విధంగా న్యాయవిచారణకు ద్వారమవుతుంది. అదే పత్రికలో దాసరి సుబ్రహ్మణ్యం రచించిన ధారావాహికల్లో 'శిథిలాలయం' ఒకటి. శీర్షిక సూచిస్తున్నట్టు అక్కడి ఆకర్షణ పాడుబడ్డ గుడి. మనుషులు కాపురమున్న ఇల్లు భయస్థానం కావడం వేరొక సాహిత్య మార్గం.

3. ఇంట్లోకి వచ్చిన దెయ్యం
ఆ మార్గానికి ఆంగ్లంలో హొరేస్ వాల్‌పోల్ 1764లో వెలువరించిన 'ది కాజిల్ ఆఫ్ ఒట్రాంటో' ఆద్యకృతిగా ప్రసిద్ధం. 1794 నాటి 'ది మిస్టరీస్ ఆఫ్ ఉడాల్ఫో'లో ఆన్ రాడ్‌క్లిఫ్ మానవాతీతంగా తోచిన సంఘటనలకు చివర లౌకిక కారణాలు చూపింది. నేటి బాలల రహస్యకథ ముగింపు ఆ పద్ధతికే చెందుతుంది.

అయితే లౌకిక కారణం చూపడంలోనూ తారతమ్యాలున్నాయి. రాబర్ట్ ఆర్థర్ 1964లో రాసిన 'ది సీక్రెట్ ఆఫ్ టెర్రర్ కాజిల్' ఇందుకు మంచి నిదర్శనం. ముగ్గురు బాలపరిశోధకులు దెయ్యాల కోటగా పేరుపడ్డ భవనంలోకి వెళతారు. అది స్టీఫెన్ టెరిల్ అనే మూకీ చిత్రాల నటుడిది. మాటల చిత్రాలు రాగానే ఆయన గొంతు విని ప్రేక్షకులు నవ్వారు. జీవనోపాధి పోయి, ఇల్లు బ్యాంకు పాలయ్యే స్థితి వచ్చింది. తాను మరణించినట్టు లోకాన్ని నమ్మించి, ఇల్లు చేజారకుండా తానే దెయ్యమయ్యాడు. ఈ ముగింపు దెయ్యం లేదని నిరూపిస్తూనే ఇల్లు ఎందుకు శూన్యమైందో చెబుతుంది. పాఠకుడిలో భయం పోయిన చోట సానుభూతి మిగులుతుంది. బేతాళుడు అడిగే హక్కు ప్రశ్న ఇక్కడ ఇంటి రూపంలో తిరిగి వచ్చినట్టు భావించవచ్చు.

4. విశాఖలోని శూన్యగృహాలు
విశాఖలో ఇళ్లు శూన్యం కావడానికి చారిత్రక కారణాలున్నాయి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖపట్నంపై బాంబులు వేశాయి. జనం ఇళ్లకు తాళాలు వేసి లోపలి ఊళ్లకు తరలిపోయారు. ఆంధ్ర విశ్వవిద్యాలయం సైతం యుద్ధకాలంలో గుంటూరుకు మారింది. ఆనాటి పాతనగర వీధుల్లో తాళం వేసిన ప్రతి తలుపూ ఒక కథాబీజం.

రెండవ కారణం ఉక్కు కర్మాగారం. 1971 జనవరి 20న ఇందిరాగాంధీ శంకుస్థాపన చేసిన ఆ కర్మాగారం ఒక మహోద్యమ ఫలం. దాని కోసం భూములు, ఇళ్లు విడిచిన గ్రామీణులు నిర్వాసితులయ్యారు. గాజువాక, పెదగంట్యాడ, అగనంపూడి ప్రాంతాల్లో వారి కాలనీలు నేటికీ ఉన్నాయి. 'ఆర్ కార్డు' అన్న మాట ఆ కుటుంబాల్లో ఉపాధి హక్కుకు పర్యాయపదం. ఊరు పోయినవారి మనుమలు చదవదగిన దెయ్యాల కొంప కథలో, పాత ఇంటికి తిరిగి వచ్చే నీడ ఎవరిదై ఉండాలి? ఆ నీడను దొంగగా తేల్చి పోలీసులకు అప్పగించే కథ, తెలియకుండానే చరిత్రకు తాళం వేస్తుంది.

5. భయం ఎవరి మీదికి మళ్లుతుంది?
దెయ్యం లేదని తేలిన తరువాత అంతవరకు పోగైన భయం ఎవరో ఒకరి మీద వాలుతుంది. గుడ్డిదీపంతో తిరిగే కాపలాదారు, ఒంటరి ముసలమ్మ, మతి చలించిన మనిషి, చీకటివేళ పడవ దింపే మత్స్యకారుడు కథకు అనువైన అనుమానితులు. ఉత్తరాంధ్ర మన్యంలో చిల్లంగి పెట్టారన్న అనుమానంతో మనుషులను హతమార్చిన ఉదంతాలు వార్తల్లోకి ఎక్కుతున్న కాలమిది. ఒంటరి వృద్ధురాలిని అనుమానపు నీడలో నిలిపే బాలల కథ, ఆఖరి పేజీలో హేతువాదం పలికినా, మొదటి పేజీల్లో నాటిన అనుమానాన్ని పూర్తిగా పెకలించలేదు. అందుచేత అనుమానితుల ఎంపికను కేవలం కథన సౌకర్యంగా కాక నైతిక నిర్ణయంగా పరిగణించాలి.

6. ముగింపు
బాలల రహస్యకథలో భయం దోషం కాదు. అది పిల్లలను పుస్తకంలోకి లాగే బలమైన శక్తి. ఆ శక్తిని రచయిత దేనికి వినియోగించాడన్నదే విమర్శకు గీటురాయి. ఖాళీ ఇంటి చరిత్రను కథ చెప్పిందా, భయాన్ని బలహీనుల మీదికి నెట్టిందా, పాఠకుడికి ఆలోచించవలసిన ప్రశ్న మిగిల్చిందా అన్న మూడు అంశాలను ఈ వ్యాసం ప్రమాణాలుగా సూచిస్తున్నది. విశాఖ రచయితలకు వస్తువు కొరత లేదు. తలుపు తెరిచిన పిల్లలు లోపల ముందుగా వెతకవలసింది అక్కడ బతికినవారి ఆనవాళ్లను.