నెమ్మది యాత్ర – నిత్యజీవనం: జార్జ్‌టౌన్ నగరం ఆధారంగా విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం:
కొత్త ఊరిని చుట్టి చూసి రావడం కన్నా అక్కడ కొంతకాలం కాపురముండి, స్థానికుల నిత్యజీవితంలో పాలుపంచుకోవడమే మేలైన యాత్ర అనే భావన ఇటీవలి యాత్రారచనల్లో బలపడింది. దీనిని ‘నెమ్మది యాత్ర’ అనవచ్చు. మలేషియాలోని పెనాంగ్ దీవిలో ఉన్న జార్జ్‌టౌన్ నగరం ఆధారంగా ఈ భావనకున్న బలాన్ని, పరిమితిని ఈ వ్యాసం చర్చిస్తుంది. ఇటువంటి రచనకు బసచేసిన రోజుల సంఖ్య కొలమానం కాదని, ఆ బస ఎవరి వల్ల, ఏ పరిస్థితుల్లో సాధ్యమైందో చెప్పగలగడమే గీటురాయి అని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: యాత్రాసాహిత్యం, నెమ్మది యాత్ర, జార్జ్‌టౌన్, నిత్యజీవనం, వలస, నివాసం.

1. ఉపోద్ఘాతం:
‘నెమ్మది’ ఒక విలువగా ప్రచారంలోకి రావడానికి మూలం ఆహారోద్యమం. 1986లో రోమ్ నగరంలో మెక్‌డొనాల్డ్స్ దుకాణానికి వ్యతిరేకంగా సాగిన నిరసన నుంచి, కార్లో పెట్రిని నాయకత్వాన ‘స్లో ఫుడ్’ ఉద్యమం రూపుదిద్దుకొంది. 1989లో పారిస్‌లో తన ప్రణాళికను ప్రకటించింది. 1999లో ‘చిట్టాస్లో’ పేరిట ఇటలీలోని చిన్న పట్టణాల జీవనవిధానానికి అదే ఆలోచన విస్తరించింది. యాత్రలో నెమ్మదిని కోరడం ఈ వరుసలోనిదే.

తెలుగులో ‘నెమ్మది’ అనే మాటకు మెల్లదనం అనే అర్థంతోపాటు మనశ్శాంతి అనే అర్థమూ ఉంది. నెమ్మది యాత్రను కీర్తించే రచనలు ఈ రెండర్థాలనూ కలిపివేస్తాయి. మెల్లగా తిరిగితే యాత్రికునికి శాంతి కలుగుతుంది, ఊరికీ మేలు జరుగుతుంది అన్నది వాటి సారం. మొదటి మాటను అంగీకరించవచ్చు. రెండోదానిని పరీక్షించాలి.

2. నివాసం వల్ల కలిగే జ్ఞానం:
జార్జ్‌టౌన్ 1786లో ఫ్రాన్సిస్ లైట్ ఈస్టిండియా కంపెనీ పక్షాన నెలకొల్పిన రేవుపట్టణం. మలయ్, హొక్కియెన్, తమిళం, ఇంగ్లీషు అక్కడి వీధుల్లో కలిసి వినిపిస్తాయి. ‘కోపితియాం’ అనే కాఫీ అంగడి పేరులోనే రెండు భాషలున్నాయి. ‘కోపి’ మలయ్ మాట, ‘తియాం’ హొక్కియెన్ మాట. చాలా కోపితియాంలలో పానీయాలు అంగడి యజమానివి. వంటకాలు మాత్రం అదే కప్పు కింద చోటు అద్దెకు తీసుకున్న చిరువ్యాపారులవి. కాబట్టి బల్ల దగ్గర కూర్చున్నవారు ఏదైనా పానీయం చెప్పడం మర్యాద. ‘కోపి ఓ కొసోంగ్’ అంటే పాలూ చక్కెరా లేని కాఫీ. ఇటువంటివి నాలుగు రోజులు అదే బల్ల దగ్గర కూర్చుంటే అలవడతాయి.

‘నాసి కందర్’ అనే అన్నం మరో ఉదాహరణ. ‘నాసి’ అంటే అన్నం, ‘కందర్’ అంటే కావడి మోత. తమిళ ముస్లిం వర్తకులు అన్నాన్ని, కూరలను కావడిలో మోసుకుంటూ అమ్మిన రోజుల గుర్తు ఆ పేరులో మిగిలింది. రుచిని మాత్రమే వర్ణించే రచనలో ఆ భుజం కనిపించదు.

తెలుగు పరిశోధకులకు మరింత దగ్గరి విషయం ‘కెలింగ్’ అనే పదం. 19వ శతాబ్ది ఆరంభంలో వెలసిన కపితాన్ కెలింగ్ మసీదు పేరే దాని ముందున్న వీధికీ వచ్చింది. ‘కెలింగ్’ పదాన్ని ‘కళింగ’ శబ్దంతో ముడిపెట్టడం పరిపాటి. ఈ సంబంధం తెలియగానే తెలుగు యాత్రికుడు పొంగిపోవడం సహజం. కాని నేటి మలేషియాలో భారతీయ సంతతివారిని ఆ మాటతో పిలవడం అవమానకరం. వ్యుత్పత్తిని కరదీపిక చెప్పగలదు. ఆ మాట ఎవరిని నొప్పిస్తుందో తెలియాలంటే ఊరివారి మధ్య మెలగాలి. నెమ్మది యాత్ర ఇవ్వగల విలువైన జ్ఞానం ఇదే.

3. ఇల్లు అనే ప్రశ్న:
స్థానికునివలె జీవించాలంటే ముందు స్థానికుని ఇల్లు కావాలి. నెమ్మది యాత్రారచనలు తరచుగా దాటవేసే అంశం ఇది. మలేషియాలో 1966 నాటి అద్దె నియంత్రణ చట్టం 1948 జనవరి 31కి ముందు కట్టిన భవనాలకు వర్తించేది. కింద దుకాణం, పైన కాపురం ఉండే జార్జ్‌టౌన్ పాత ఇళ్ళలో చేతివృత్తులవారు, చిరువ్యాపారులు తక్కువ అద్దెకు నిలదొక్కుకున్నది ఆ చట్టం నీడలోనే. ఆ అద్దె మరమ్మతులకు చాలక ఇళ్ళు శిథిలమయ్యాయన్న యజమానుల వాదననూ తోసిపుచ్చలేము. 1997లో చట్టం రద్దయి, 1999 చివరికి పరివర్తన గడువు ముగిసింది. అద్దెలు పెరిగి అనేక కుటుంబాలు పాత నగరాన్ని విడిచాయి. ఖాళీ అయిన కొన్ని ఇళ్ళలో మనుషులకు బదులు, తినదగిన గూళ్ళు కట్టే పక్షులను పెంచారు.

2008లో యునెస్కో మెలాకాతోపాటు జార్జ్‌టౌన్‌ను ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. అందుకు చూపిన ఆధారాలలో సజీవమైన బహుసాంస్కృతిక జీవనం ఒకటి. అంటే జనజీవనానికి గుర్తింపు వచ్చేనాటికే ఆ జనంలో చాలామంది వెళ్ళిపోయారు. ఇప్పుడు పాత ఇళ్ళలో కొన్ని హోటళ్ళు, అతిథిగృహాలు అయ్యాయి. సందర్శకుల రాబడి వల్లనే కొన్ని భవనాలు కూలిపోకుండా నిలిచాయన్నదీ నిజం. సముద్రంపై కొయ్యస్తంభాల మీద నిలిచిన చ్యూ వంశీయుల రేవువాడలో నేటికీ కాపురాలున్నాయి. అక్కడి గడపల ముందు నుంచే సందర్శకులు నడిచి వెళ్తారు. అక్కడి నిత్యజీవనమే ప్రదర్శనగా మారింది.

2022లో మలేషియా ప్రభుత్వం దూరం నుంచి పనిచేసే విదేశీయుల కోసం ‘డీఈ రంతావ్’ అనుమతిపత్రాన్ని ప్రవేశపెట్టింది. డిజిటల్ రంగ నిపుణులకు ఏడాదికి 24,000 అమెరికన్ డాలర్లకు మించిన ఆదాయాన్ని అర్హతగా నిర్ణయించింది. దీనితో నెమ్మదిగా ఉండగలగడం ఒక ఆర్థిక అర్హత అయింది.

4. నెమ్మదికి మరో చరిత్ర:
పెనాంగ్‌లో తెలుగువారి తొలి అనుభవాలు స్వేచ్ఛగా ఎంచుకున్న నెమ్మదికి సంబంధించినవి కావు. మలయా తోటలకు తరలిన తెలుగు కూలీలలో పలువురు ఈ రేవులోనే దిగారు. సమీపంలోని జెరెజాక్ దీవిలో వలసదారులను క్వారంటైన్‌లో నిలిపి ఉంచేవారు. వారిదీ నిదానమైన కాలమే. అయితే దానిని ‘యాత్ర’ అని ఎవరూ అనలేదు.

తెలుగు యాత్రాసాహిత్యంలోని ఏనుగుల వీరాస్వామయ్య ‘కాశీయాత్ర చరిత్ర’ను ఇక్కడ గుర్తుచేసుకోవాలి. 1830 మే నుంచి 1831 సెప్టెంబరు వరకు సాగిన ఆ ప్రయాణంలో నెమ్మది ఆదర్శం కాదు. అది పల్లకీ, నది, వాన నిర్ణయించిన వేగం. దారి, మజిలీ, దొరికే సరుకు, వెంట నడిచే పరివారం, మోసే బోయీలు ఆ రచనలో ప్రస్తావనకు వచ్చాయి. యాత్రను మోసినవారు పాఠంలో కనిపించడం ఆ గ్రంథానికి సామాజిక పత్రంగా విలువనిచ్చింది. నేటి నెమ్మది యాత్రారచనల్లో గది శుభ్రపరిచే మనిషి, ఇల్లు ఖాళీచేసిన కుటుంబం అంత స్పష్టంగా కనిపించరు.

5. ముగింపు:
పై పరిశీలనను బట్టి నెమ్మది యాత్రను నిరాకరించవలసిన పనిలేదు. ‘కెలింగ్’ వంటి మాటలోని గాయం తెలియాలంటే కొంతకాలం నిలవక తప్పదు. అయితే నిదానాన్నే గుణంగా భావించి రచనను మెచ్చుకోవడం విమర్శకు తగదు. ఆగ్నేయాసియా నగరాలపై వచ్చే తెలుగు యాత్రారచనలను మూడు ప్రశ్నలతో చదవడం అవసరం. రచయిత ఉన్న ఇంట్లో అంతకుముందు ఎవరున్నారు? అతని తీరికకు ఎవరి శ్రమ ఆధారం? స్థానికులు అతనికి నచ్చని మాట ఒక్కటైనా ఆ రచనలో అన్నారా? వీటికి సమాధానం ఉన్న రచన పదిరోజుల బసతో రాసినదైనా విలువైనదే. సమాధానం లేని రచన ఏడాది కాపురంతో రాసినదైనా సందర్శకుని దృష్టిని దాటిపోదు.