సెప్టెంబరు పద్దు

2025 సెప్టెంబరు 21వ తేదీ ఆదివారమునాడు హ్యూస్టన్‌లో మూడవ ఆటయు ముగిసి, సియాటిల్ మెరైనర్లు ఆస్ట్రోలకు వారి సొంత మైదానముననే మూడింట మూడు మార్లు మట్టి కరపించిరని రేడియో చెప్పినపుడు, రెడ్మండ్‌లోని మా వంటింటి బల్లమీద తెరచియున్న స్కోరు పుస్తకపు పై మూలలో నేను పెన్సిలుతో వ్రాసికొన్న అంకె 4. ఆ మూడు ఆటలకు ముందు రెండు జట్లును 84 గెలుపులు, 69 ఓటములతో, ఇరుకు గుమ్మము నడుమ ఎదురుపడి ఎవరు ముందడుగు వేయవలెనో తేల్చుకొనలేని వియ్యంకులవలె నిలిచియుండెను. ఇప్పుడు మావారు 87–69, వారు 84–72. క్రికెట్ తప్ప వేరొక ఆట యెరుగక నలువది యేండ్లు గడపిన తెలుగువాడు ఇట్టి లెక్కలలో రాత్రులు వెళ్లబుచ్చుట విడ్డూరమని మా యింటిలోనివారే నవ్వుదురు. నవ్వనిండు.

ఆ నాలుగు ఎట్లు వచ్చినదో చెప్పకున్న ఈ విద్యలోని మొదటి రుచి పాఠకులకు అందదు. అమెరికా బేస్‌బాల్‌లో ఒక్కొక్క జట్టు ఏడాదికి ఆడునది 162 ఆటలు. దానికి ఒకటి కలిపి, అందుండి ముందున్న జట్టు గెలుపులను, వెనుకనున్న జట్టు ఓటములను తీసివేయగా మిగిలినదే అభిమానులు మ్యాజిక్ నంబరని పిలుచుకొను అంకె. నూట అరువది మూడులో ఎనుబది యేడు పోగా, డెబ్బది రెండు పోగా, నాలుగు. మనవారు ఒకటి గెలిచిన ఒకటి తగ్గును. ఎదుటివారు ఒకటి ఓడిన మరొకటి తగ్గును. కనుక సెప్టెంబరులో నిజమైన అభిమానికి రాత్రికి ఒక ఆట కాదు, రెండు ఆటలు. 23వ తేదీన మావారు కొలరాడో రాకీలను గెలువగా, శాక్రమెంటో వద్ద అథ్లెటిక్స్ చేతిలో హ్యూస్టన్ ఓడెను: నాలుగు రెండయ్యెను. మరునాడును అట్లే జరిగి రెండు సున్నయైన రాత్రియే, క్యాచరుగా నుండి ఒక్క యేడాదిలో 48 హోమ్ రన్‌లకు మించి ఎవ్వరును కొట్టని చోట, మా కాల్ రాలీ అరువదవ హోమ్ రన్ కొట్టెను. ఇరువది నాలుగేండ్ల పిమ్మట పశ్చిమ విభాగపు పీఠము మాకు దక్కెను. నిజమునకు ఆ ఆదివారమునాడే మూడు చాలునని తెలిసినవారనిరి. ఏలయన పరస్పర పోరులలో పైచేయి మాదగుటచే, సమానమైనను మాదే గెలుపగునట. ఆ కొత్త లెక్కను నేను నా పుస్తకములోనికి రానీయలేదు. కారణము ముందు చెప్పెదను.

పట్టికను చదువుటలోను ఒక మర్మమున్నది. పామరుడు గెలుపుల వరుసను చూచును, ఆరితేరినవాడు ఓటముల వరుసను చూచును. ఇంకను ఆడవలసిన ఆటలున్నంతవరకు గెలుపును సంపాదించుకొనవచ్చును గాని, పద్దులో పడిన ఓటమిని ఏ దేవుడును తుడిచివేయజాలడు. ఈ సూత్రమును నాకు తొలిసారి చెప్పినవాడు మా వీధి చివరి యింటి వృద్ధుడు, ఉద్యోగ విరమణ చేసిన తపాలా బట్వాడాదారు. ఆయన యింటి ముందటి అరుగుమీద, గరగరలాడు పాత రేడియో ప్రక్కన, స్కోరు వ్రాయుట కూడ నేను ఆయన వద్దనే నేర్చుకొంటిని.

ఈ స్కోరు వ్రాతవంటి సొగసైన చేతిపని నాకు తెలిసినంతలో మరొకటి లేదు. మైదానములోని తొమ్మండుగురికి తొమ్మిది అంకెలు: పిచ్చరు 1, క్యాచరు 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ బేస్ 4, థర్డ్ బేస్ 5, రెండింటికిని మూడింటికిని నడుమ నిలుచు షార్ట్‌స్టాప్ వరుస తప్పి 6, వెలుపలి పచ్చికలో ఎడమనుండి కుడికి 7, 8, 9. షార్ట్‌స్టాప్ నేలబంతిని పట్టి సెకండ్ బేస్‌కు విసరగా, అచటినుండి అది ఫస్ట్ బేస్‌కు పోయి ఇద్దరు ఒక్క దెబ్బకు ఔటైన, ఆ మెరుపంతయు 6-4-3 అను మూడు అంకెలలో ఇమిడిపోవును. మూడవ స్ట్రైకునకు బ్యాటు త్రిప్పి తప్పినవానికి కే అక్షరము; త్రిప్పక గుడ్లప్పగించి చూచుచు నిలిచి ఔటైనవానికి అదే అక్షరమును అద్దములో బింబమువలె తిరగవేసి వ్రాయవలెను. వాని సిగ్గంతయు ఆ తిరుగుడులో కలదు! ఒక్కొక్క గడిలో ఒక చిన్న వజ్రాకారము. బ్యాటరు ఎంతవరకు పోయెనో అంతవరకు దాని అంచును దిద్దవలెను, నాలుగు మూలలు తిరిగి యింటికి వచ్చినచో వజ్రమును నిండుగా నలుపు చేయవలెను. ఇట్లు వ్రాసిన పుటను ఇరువది యేండ్ల తరువాత తెరచినను, చదువనేర్చినవానికి ఆ రాత్రి ఆట బంతి బంతికి కన్నులయెదుట నడచును.

మా గురువుగారి వ్రాత చూడవలసినదే గాని చెప్పుటకు కాదు. ఇన్నింగ్సు ముగియగనే గీయు ఏటవాలు గీత సూదితో తీసినట్లుండెడిది. పిచ్చరు మారినపుడు అడ్డముగా గీయు గీతకు ఎన్నడును స్కేలు వాడి యెరుగడు. రబ్బరు ముట్టుట మాత్రము మహాపాతకమనెడివాడు. ఆయన కట్టడి యొకటి కలదు: ఎదుటివారి పరుగును కూడ మన పరుగంత నల్లగానే నింపవలెను, పగవాని వజ్రమును లేతగా దిద్దువాడు పద్దు వ్రాయుటకు తగడు.

ఈ వ్రాత కెవరు మూలపురుషులనిన, హెన్రీ చాడ్విక్ అను పత్రికా రచయిత పందొమ్మిదవ శతాబ్దమున దీనికి తీరు దిద్దెనందురు. కే అక్షరము స్ట్రక్ అను మాట చివరిదట. అంతకు మించి చరిత్ర తవ్వుట నాకు చేతగాదు. పుస్తకము ఏ దుకాణమునదైన నేమి, పెన్సిలు మెత్తనిదైన చాలును.

చూడక, కేవలము వినియే వ్రాయుట ఈ విద్యకు శిఖరము. ఆ శిఖరమునకు మమ్ము చేయిపట్టి నడపినవాడు డేవ్ నీహాస్. 1977లో మెరైనర్ల తొట్టతొలి ఆటనుండి 2010లో కన్నుమూయువరకు ఆయనయే ఈ జట్టు గొంతు. కూపర్స్‌టౌన్‌లోని బేస్‌బాల్ కీర్తిమందిరమువారు 2008లో ఫ్రిక్ పురస్కార మిచ్చిరి. ఇచ్చుటకు అంత యాలస్యమేల యని నా ఫిర్యాదు. బంతి యెటు పోయినది, ఎవరి చేతికి చిక్కినది, ఏ కాలు ముందు మోపబడినది, అన్నియు చెవికందుచుండ, మా పెన్సిలు ఆయన మాట వెంట నీడవలె నడచెడిది. మూడు బేస్‌లును నిండియుండ హోమ్ రన్ పడినపుడు రై రొట్టెయు ఆవపిండి ముద్దయు తెమ్మని అవ్వను కేకవేసి పిలుచుట ఆయన యానవాయితీ. ఆ కేక వినినపుడెల్ల నాకు మా యవ్వగారి ఆవకాయ జాడి జ్ఞప్తికి వచ్చెడిది.

సెప్టెంబరు పోరునకు ఉపమానము చెప్పుమన్న ఈ యూరివారెవ్వరైనను చెప్పునది 1995. అప్పటికి నేనింకను ఈ యూరు రాలేదు గాని, గురువుగారి పుస్తకమున ప్రతి పుటయు చదివితిని. ముందటి యేడు సమ్మెతో వరల్డ్ సిరీసే ఆగిపోయెను. ఆ యేడు 144 ఆటలే. మే నెలలో కెన్ గ్రిఫీ జూనియరు పరుగెత్తి బంతి పట్టి గోడకు కొట్టుకొని మణికట్టు విరుగగొట్టుకొనెను. ఆగస్టు తొలినాళ్లలో ఏంజెల్సు వెనుక మావారు 13 ఆటల దూరమున పడియుండిరి. కొత్త మైదానమునకు పన్ను వేయుటకు సెప్టెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ వెంట్రుకవాసిలో ఓడిపోయినది. జట్టు ఊరు విడిచి పోవునను మాట వాడవాడల వినవచ్చుచుండెను. అట్టి తరుణమున గ్రిఫీ తిరిగి వచ్చుటయు, లూ పినియెలా నడుపు ఆ జట్టు దినమునకొక దుర్గము గెలుచుచు వచ్చుటయు, ఏంజెల్సు మెట్టు మెట్టుగా జారుటయు, తుదకు రెండును 78–66తో సమానమై నిలుచుటయు, వ్రాసిన కథయైనచో నమ్మదగనిదని సంపాదకుడు త్రిప్పి పంపెడివాడు.

అక్టోబరు 2న, తేల్చుకొనుటకు ఒకే యొక ఆట. మాకు ర్యాండీ జాన్సను, వారికి మార్క్ ల్యాంగ్‌స్టను: 1989లో మావారు ఎవనిని ఇచ్చి ఎవనిని తెచ్చుకొనిరో ఆ యిద్దరే! జాన్సను మూడే హిట్లు ఇచ్చి పండ్రెండుగురిని స్ట్రైకౌట్ చేసెను. ఏడవ ఇన్నింగ్సున బేస్‌లు నిండియుండగా లూయిస్ సోహో కొట్టిన బంతి కుడి గీతవెంట దొర్లి బల్లక్రిందికి దూరగా, ముగ్గురును, వారి వెనుక సోహోయు ఇల్లు చేరిరి. ల్యాంగ్‌స్టను ఇంటి పలకవద్ద వెల్లకిల పడి ఆకాశమువైపు, అనగా మా పాత మైదానమైన కింగ్‌డోమ్ పైకప్పువైపు, చూచుచుండెను. 9–1. పిమ్మట యాంకీలతో అయిదాటల పోరు: న్యూయార్కున రెండు పోగొట్టుకొని, ఇచట మూడు గెలిచిరి. అక్టోబరు 8న, పదునొకండవ ఇన్నింగ్సున, ఆ యేటి బ్యాటింగు సగటు .356 గల ఎడ్గార్ మార్టినెజ్ ఎడమకు కొట్టిన డబుల్‌తో జోయీ కోరాయు, ఫస్ట్ బేస్‌నుండి గాలితో పందెము వైచి వచ్చిన గ్రిఫీయు ఇల్లు చేరిరి. ఆ నెలలోనే రాష్ట్ర శాసనసభ మైదానమునకు సొమ్ము సమకూర్చెను. 1999లో అది తెరువబడినది. నేటికిని మేము కూర్చుండునది అందే.

ఇక నా మంట చెప్పెదను. అక్టోబరు 2 నాటి ఆ యాటవంటిది ఇక జరుగదు. జరుగరాదని శాసించిరి! 2022నుండి, ఆరు నెలలు ఆడి సమానమైన రెండు జట్లకు నడుమ తేల్చు ఆటను తీసివేసి, పరస్పర పోరుల లెక్కజూచి గుమాస్తాచేత తీర్పు చెప్పించుచున్నారు. నా పుస్తకమున మూడు కాక నాలుగు వ్రాసికొనుటకు కారణమిదే. అదే యేడు లీగునకు ఆరేసి జట్లకు ప్లేఆఫ్ తలుపులు తెరచిరి. 1968 వరకు లీగునకు ఒక్క జట్టే పోయెడిది. ఇప్పుడు పండ్రెండు జట్లు! వాకిట నిలిచినవారికెల్ల విస్తరి వేసిన, అది విందు కాదు, సత్రము. మీ మెరైనర్లు 2022లో వైల్డ్ కార్డు తలుపుననే కదా వచ్చిరి, అని యాక్షేపించువారు కలరు. వచ్చిరి, ఇరువదియొక్క యేండ్ల కరవు అట్లే తీరినది, సెప్టెంబరు 30న తొమ్మిదవ ఇన్నింగ్సున ఇద్దరు ఔటైన పిమ్మట రాలీ కొట్టిన హోమ్ రన్‌తో. కాని మావి 90 గెలుపులు. తలుపులు రెండే యున్న పాత లెక్కనైనను మాకు చోటు దక్కియుండెడిది. 1995లో వైల్డ్ కార్డు అను ఆ దొడ్డిదారి మొదట తెరచినపుడు మా లీగున అందుండి వచ్చినది ఎవరనుకొంటిరి? యాంకీలు! మావారు సింహద్వారమున వచ్చిరి.

పదవ ఇన్నింగ్సునుండి సెకండ్ బేస్‌మీద ఒక పరుగువానిని ఊరకయే నిలుపుట మరియొక ఘోరము. హిట్టు కొట్టలేదు, వాక్ పొందలేదు, ఆకాశమునుండి ఊడిపడినట్లు నిలుచున్న వానిని స్కోరు గడిలో ఏ గురుతుతో వ్రాయుదును? దైవవశమున ప్లేఆఫ్‌లలో ఈ వికారము లేదు. అందుచేతనే 2025 అక్టోబరు 10న డెట్రాయిట్‌తో పోరున తుది యాట పదునైదు ఇన్నింగ్సులు సాగి, హోర్హే పొలాంకో సింగిల్‌తో 3–2గా తేలినది. నా పుటలో గడులు చాలక రెండవ పుటకు పోయితిని. అంతటి ఆనందము ఈ పుస్తకము నాకెన్నడును ఇచ్చియుండలేదు.

వీటన్నిటికంటె హీనమైనది నకలు అభిమానము. ఫోను తెరచిన, మీ జట్టు ప్లేఆఫ్‌కు చేరు అవకాశ మింత శాతమని దశాంశ బిందువుతో సహా చెప్పును. చెప్పుచున్న యంత్రమునకు ఆతురత లేదు, చదువుచున్నవానికి లెక్క తెలియదు. ఇన్నింగ్సుల నడుమ పందెములు కాయుడని ప్రకటనలు చెవులు గింగురుమనునట్లు మ్రోగును. మా భీమవరము ప్రాంతపు బరులలో పందెగాడు తప్పుపనియే చేయుచున్నను, కోడి డేగయో, కాకియో, నెమలియో కన్నుతో చూచి చెప్పగలడు. ఈ ఫోను పందెగాండ్రకు తాము సొమ్మొడ్డిన బ్యాటరు కుడిచేతివాడో, ఎడమచేతివాడో కూడ తెలియదు.

సియాటిల్ చుట్టుప్రక్కల కాపురమున్న తెలుగువారికి నా విన్నపము. మీ పిల్లలను మైదానమునకు తీసికొనిపోవుచున్నారు, జెర్సీలు కొనుచున్నారు, సంతోషము. ఒక్క స్కోరు పుస్తకము కూడ కొని, రెండు పెన్సిళ్లు చెక్కి చేతికిండు. ట్రాన్సిస్టరు చెవికానించుకొని క్రికెట్ వ్యాఖ్యానము వినుచు నోటుబుక్కు వెనుక పుటలలో పరుగులు కూడిన తండ్రులు మనలో నెందరో కలరు. ఇది వారికి కొత్త విద్య కాదు.

గురువుగారు ఇప్పుడు లేరు. 2025 అక్టోబరు 20 రాత్రి టొరాంటోలో లీగు తుది పోరున ఏడవ యాట, ఏడవ ఇన్నింగ్సు వరకు 3–1తో మావారు ముందున్నారు; ఇంతవరకు ఒక్కమారైనను వరల్డ్ సిరీసు ముఖము చూడని జట్టు మాదొక్కటే, ఇక ఎనిమిది ఔట్లే దూరము. అప్పుడు టొరాంటోవారి జార్జ్ స్ప్రింగరు, అంతకు ముందు మమ్ము ఏండ్ల తరబడి ఏడిపించిన ఆ హ్యూస్టన్ జట్టువాడే, ఇద్దరు బేస్‌లమీద నుండగా బంతిని ఎడమవైపు గోడ దాటించెను. రేడియో కట్టివేసితిని. పెన్సిలు మొన మరల చెక్కుకొని, మూడు వజ్రములను ఒక్కొక్కటిగా, అంచులవరకు, మావి నింపినంత నల్లగా నింపితిని.