పక్కన కూచున్నవాడి మీటరు
సూపర్ మారియో బ్రదర్స్ 3 (1988)లో తెర అడుగున ఆరు బాణాలు, చివర ‘పీ’ అక్షరం ఉంటాయి. పరిగెత్తేకొద్దీ ఒక్కో బాణం వెలుగుతుంది. ‘పీ’ కూడా వెలిగితే, ఆకు దొరికి తోక మొలిచిన మారియో గాల్లోకి లేస్తాడు. ఆగితే బాణాలు వరసగా ఆరిపోతాయి.

సూపర్ మారియో వరల్డ్ (1990)లో ఈ మీటరు లేదు. వేగం అందుకున్న మారియో చేతులు చాపుతాడు, అంతే. చూపు బొమ్మ మీంచి కదలక్కర్లేదు; ఇదే మెరుగైన డిజైనని ఇంజనీరుగా ఒప్పుకుంటాను.

కానీ నర్సీపట్నంలో మా ఇంట్లో పనిచేసే జాయ్‌స్టిక్ ఒక్కటే. గోతులు చూసుకోవడం నా వంతు, మీటరు చూడ్డం తమ్ముడి వంతు. “పీ వచ్చింది, ఎగురన్నా!” అని వాడు అరిస్తేనే నేను దూకేది. మీటరు ఆడేవాడికి అడ్డమే కావచ్చు, చూసేవాడికి మాత్రం అదే ఆట.

వరల్డ్‌ని హాస్టల్లో, ఎమ్యులేటర్ మీద ఒక్కణ్ణే ఆడాను. మారియో చేతులు చాపాడు. ఎవరూ అరవలేదు.