బొమ్మ మిగిలితే పాత్ర మిగిలినట్టేనా?

ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో నేడు మేకతోలుతో ల్యాంప్ షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు విరివిగా తయారవుతున్నాయి. (పాత అనంతపురం జిల్లాలోని ఈ ఊరు 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది.) ఈ ఊరి కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ ప్రకటించారు. కాబట్టి తోలుబొమ్మలాట బతికే ఉందనడం తేలిక. బతికున్నది బొమ్మా, పాత్రా అన్నది విమర్శకుడు అడగవలసిన ప్రశ్న.

బంగారక్కనే తీసుకోండి. రామాయణ కథ మధ్యలో జుట్టుపోలిగాడితో కయ్యానికి దిగి, రాత్రంతా కూర్చున్న జనానికి నిద్రమత్తు వదలగొట్టే హాస్యపాత్ర ఆమె. రాముడి మాటకు పురాణకథ హద్దు. బంగారక్కకు ఆ హద్దు లేదు. ఊరి కరువు, అప్పులు, ముందు వరుసలో కూర్చున్న పెద్దమనిషి, ఏదైనా ఆమె నోట పడవచ్చు. ఆ మాటల్లో చాలావరకు ఏ పుస్తకంలోనూ ఉండవు, ఆడించేవారి నోటికి అప్పటికప్పుడు వస్తాయి. దారంతో కట్టిన కీళ్లు కదలాలి, తెర వెనక చెక్కపలక మీద కాలు మోగాలి, అప్పుడే ఆమె కోపం జనానికి అందుతుంది. గోడ మీది బంగారక్కకు అవే రంగులు ఉండవచ్చు, కాని ఆమె ఎవరినీ తిట్టదు.

ఆడించేవారు మారితే పాత్ర చెడుతుందని కొందరంటారు. అమెరికాలో జిమ్ హెన్సన్ 1990లో మరణించాక, కెర్మిట్ అనే కప్పబొమ్మను స్టీవ్ విట్‌మైర్, 2017 నుంచి మాట్ వోగెల్ ఆడించారు. గొంతు మారిందని నొచ్చుకున్న అభిమానులున్నారు. సేకరించి దాచుకునేవారి కోసం ఆ కప్పకు నకళ్లూ వచ్చాయి. నకలుకు మార్పు భయం లేదు, ఎందుకంటే దానికి గొంతే లేదు. మన బంగారక్కకు మాత్రం ఏనాడూ ఒకే గొంతు లేదు. ఒక్కో మేళంలో ఒక్కో బంగారక్క, అత్త తర్వాత కోడలు. ఇక్కడ గొంతు మారడమే సంప్రదాయం.

అలాగని ల్యాంప్ షేడ్‌ను తిట్టడం అన్యాయం. వాన కోసం ఆట కట్టించిన సీమ ఇది. పంట పోయిన ఏడు ఆ ఊళ్లే మేళాన్ని పోషించలేకపోయేవి. తర్వాత సినిమా, టీవీ వచ్చి పిలుపులు ఇంకా తగ్గాయి. తోలును పలచగా గీకి, ఉలితో చిల్లులు కొట్టే పనితనం అమ్మకాల వల్లనే నిలిచింది. భౌగోళిక సూచిక గుర్తింపు కూడా వచ్చింది. నా అభ్యంతరం మన అంచనా మీదనే. తోలు పనికి మార్కులు వేసి, గొంతును లెక్కలోకి తీసుకోవడం లేదు.

మీ ఊళ్లో ఆట చూసిన పెద్దలుంటే, బంగారక్క ఆ రాత్రి ఎవరిని ఆటపట్టించిందో అడిగి రాసుకోండి. ఆమెను పలికించినవారి పేరు గుర్తుంటే అదీ రాయండి.